వెనక ఎంత ఉంది, ముందుకు ఎంత కావాలి: హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ మొదటి పరీక్ష నుంచి ఏడాది ఫలితం దాకా

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకోవాలని వచ్చినవాళ్లు ముందుగా అడిగేది దాదాపు ఒకటే: "డాక్టర్‌గారూ, నాకు ఎన్ని గ్రాఫ్టులు పడతాయి? మొత్తం ఎంతవుతుంది?" అడుగుతుండగానే చెయ్యి నుదుటి మీదకో మాడు మీదకో పోతుంది. మంచి డాక్టరు మాత్రం జుట్టు పోయిన చోటు కంటే ముందు తల వెనక భాగం చూస్తారు. వెనక వైపు చూడకుండా గ్రాఫ్టుల సంఖ్య, ధర చెప్పేసే చోటి నుంచి లేచి వచ్చేయడమే మేలు.

ఎందుకంటే ఈ ఆపరేషన్‌లో కొత్తగా ఒక్క వెంట్రుక కూడా పుట్టదు. తల వెనక, చెవుల పైన ఉన్న కుదుళ్లను తీసి జుట్టు పోయిన చోట నాటుతారు. మడిలో ఎంత నారుంటే అంత పొలమే నాటగలం. పైగా ఈ మడిలో రెండోసారి నారు పోసే వీలు లేదు, తీసిన చోట కుదురు మళ్లీ రాదు. పేషెంట్లకు వచ్చే సందేహాలు చాలావరకు ఈ ఒక్క సంగతి దగ్గరే తేలతాయి. ఏ ప్రశ్న ఏ దశలో వస్తుందో, దానికి జవాబేమిటో వరసగా చూద్దాం.

ముందు, జుట్టు ఎందుకు పోతోందో తేలాలి

బోరు నీళ్లు, హెల్మెట్, షాంపూ, నైట్ షిఫ్టులు. బట్టతలకు మన దగ్గర చెప్పుకునే కారణాలివే. ఉద్యోగానికి హైదరాబాదో బెంగళూరో వచ్చాకే జుట్టు పోయిందని, అక్కడి నీళ్లే ముంచాయని గట్టిగా నమ్మేవాళ్లున్నారు. ఉద్యోగంలో చేరే వయసు, వంశపారంపర్యంగా జుట్టు పలచబడటం మొదలయ్యే వయసు ఒకటే కావడంతో నింద నీళ్ల మీద పడుతోంది. ఉప్పు నీళ్లకు వెంట్రుక గరుకెక్కుతుంది, తెగుతుంది. చర్మం లోపలున్న కుదురు మాత్రం చావదు. హెల్మెట్ సంగతీ అంతే. జుట్టు పోతుందన్న భయంతో హెల్మెట్ మానేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

మగవాళ్ల బట్టతలకు అసలు కారణం డీహెచ్‌టీ అనే హార్మోను, దానికి లొంగే గుణం వారసత్వంగా రావడం. ఈ వారసత్వం తండ్రి వైపు నుంచే కాదు, తల్లి వైపు నుంచి కూడా వస్తుంది. శరీరంలో టెస్టోస్టెరాన్ నుంచి ఈ హార్మోను తయారవుతుంది. నుదుటి పైన, మాడు మీద ఉన్న కుదుళ్లు దాని ప్రభావానికి ఏటేటా చిక్కిపోయి, చివరికి కంటికి ఆనని నూగు మాత్రమే మిగులుతుంది. వెనక, పక్కల ఉన్న కుదుళ్లు దానికి అంతగా లొంగవు. వాటిని పెకలించి ముందు నాటినా ఆ గుణం మారదు. న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఓరెంట్రైక్ 1950లలో ఇలా నాటి చూసి, 1959లో ప్రచురించిన పత్రంలో రుజువు చేసింది ఇదే. అంతకు ముందే, 1939లో, ఒకుడా అనే జపాన్ వైద్యుడు మచ్చలు పడి జుట్టు పోయిన చోట్ల చిన్న చిన్న ముక్కలుగా కుదుళ్లు నాటిన పద్ధతిని రాసిపెట్టారు. ఆ తర్వాత వచ్చిన యుద్ధం వల్ల అది చాలా ఏళ్లు బయటి ప్రపంచానికి తెలియలేదు. "నాటింది మళ్లీ రాలిపోదా?" అనే ప్రశ్నకు ఆధారం ఈ వెనక జుట్టు గుణమే. వెనక ఎంతకాలం నిలుస్తుందో, ముందు కూడా దాదాపు అంతకాలం నిలుస్తుంది.

అయితే రాలేదంతా బట్టతల కాదు. డెంగీ, టైఫాయిడ్, కోవిడ్ లాంటి జ్వరాలు తగ్గిన రెండు మూడు నెలలకు, కాన్పైన కొన్ని నెలలకు దువ్వెన పెడితే చాలు గుప్పెళ్లుగా ఊడుతుంది. చాలామందికి అది దానంతటదే తిరిగొస్తుంది. ఓపిక పట్టాలి, కత్తి పట్టకూడదు. పేనుకొరుకుడులో శరీర రక్షణ వ్యవస్థే కుదుళ్ల మీద పడుతుంది. జబ్బు చురుగ్గా ఉండగా నాటితే కొత్త కుదుళ్లకూ అదే గతి పట్టవచ్చు. చర్మం మీద మచ్చలు పడుతూ జుట్టు పోయే జబ్బులు కొన్ని ఉన్నాయి, వాటిలోనూ ముందు జబ్బు చల్లారాలి. ఆడవాళ్లలో పాపిడి వెడల్పవుతూ తలంతా పలచబడితే వెనక భాగం కూడా పలచగానే ఉంటుంది, తెచ్చి నాటడానికి మంచి కుదుళ్లు దొరకవు. వాళ్లకు ముందు చేయాల్సింది థైరాయిడ్, ఐరన్ పరీక్షలు. ఏళ్ల తరబడి జడ బిగించి వేయడం వల్ల నుదుటి అంచున జుట్టు పోయినవాళ్లకు మాత్రం, ఆ అలవాటు మానుకున్నాక ట్రాన్స్‌ప్లాంట్ బాగా పనికొస్తుంది.

వయసు మాటేమిటి? ఇరవై రెండేళ్ల కుర్రాణ్ని తల్లిదండ్రులే వెంటబెట్టుకుని వస్తారు. రెండేళ్లలో సంబంధాలు చూడాలంటారు. ఆ కుర్రాడి బాధను తేలిగ్గా తీసిపారేయకూడదు. ఫొటో దిగడానికి, కాలేజీకి వెళ్లడానికి జంకేవాళ్లున్నారు. అయినా ఆ వయసులో బట్టతల ఎంతవరకు పోతుందో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు నుదుటి మీద ఒత్తుగా నాటేసి, పదేళ్ల తర్వాత దాని వెనక జుట్టంతా పోతే, ముందు ఒక గుత్తి, వెనక ఖాళీ మిగులుతాయి. అందుకే చాలామంది సర్జన్లు పాతిక దాటేదాకా మందులతో నిలబెట్టుకొమ్మని చెబుతారు. "ఇప్పుడే వద్దు" అన్న డాక్టరు మిమ్మల్ని పోగొట్టుకోవడానికి సిద్ధపడి ఆ మాట అంటున్నారు. ఆయన మాటకు విలువివ్వండి.

కాగితం మీద లెక్క

తర్వాత కొలతలు. కెమెరా బిగించిన చిన్న భూతద్దంతో వెనక భాగంలో చదరపు సెంటీమీటరుకు ఎన్ని కుదుళ్లున్నాయో లెక్కిస్తారు. ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా తెలియాలి. గ్రాఫ్ట్ అంటే ఒక వెంట్రుక కాదు. తల మీద వెంట్రుకలు ఒకటిగా, రెండుగా, మూడుగా, అక్కడక్కడా నాలుగుగా గుంపులు కట్టి పెరుగుతాయి. ఆ గుంపును చెదరకుండా తీస్తే అదొక గ్రాఫ్ట్. సగటున గ్రాఫ్టుకు రెండు వెంట్రుకలు, కొందరికి అంతకంటే కాస్త ఎక్కువ. 2,500 గ్రాఫ్టులంటే 5,000 వెంట్రుకల పైమాటే. బేరం గ్రాఫ్టుల్లోనా, వెంట్రుకల్లోనా అన్నది ముందే అడిగి రాయించుకోవాలి.

ముప్పై రెండేళ్ల మనిషిని ఊహించుకుందాం. ముందు భాగమంతా పోయి, మాడు మీద కూడా ఖాళీ అయింది. మగవాళ్ల బట్టతలను 1 నుంచి 7 వరకు తరగతులు చేసిన నార్‌వుడ్ కొలమానంలో ఆరో తరగతి అనుకోండి. ఖాళీ స్థలం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. వెనక సురక్షితంగా తీసుకోదగ్గ పట్టీ 170 చదరపు సెంటీమీటర్లు, అందులో చదరపు సెంటీమీటరుకు 70 గుంపులు. మొత్తం 11,900. సగానికి మించి తీస్తే వెనక భాగమే చిమ్మట కొట్టిన బట్టలా కనిపిస్తుంది కాబట్టి జీవితకాలంలో అందేది 6,000 లోపే. ఖాళీ చోట పూర్వపు ఒత్తు రావాలంటే 14,000 కావాలి. జుట్టులో సగం పోయేదాకా మన కంటికి పలచదనం పెద్దగా తెలియదు కాబట్టి సగం ఒత్తు చాలనుకున్నా 7,000 కావాలి. అప్పటికీ లెక్క చాలదు.

అంచేత ప్లానింగ్ అంటే దేన్ని వదులుకోవాలో తేల్చుకోవడమే. అద్దంలో కనిపించేది, ఎదుటివాళ్లు చూసేది ముఖం కాబట్టి ముందు భాగానికి తొలి వాటా. మాడుకు మిగిలితే పలచగా, లేకుంటే మందులతో సరి. మాడు మీద జుట్టు సుడి తిరిగి నాలుగు వైపులకూ విచ్చుకుంటుంది కాబట్టి అక్కడ ఎన్ని నాటినా ఒత్తుగా కనిపించడం కష్టం. గడ్డం కింది వెంట్రుకలు కొన్ని తీసి కలపొచ్చు. అవి మోటుగా ఉంటాయి కాబట్టి నుదుటి అంచున కాక వెనకగా, మధ్యలో వాడతారు. వేరేవాళ్ల జుట్టు నాటొచ్చా అని అడిగేవాళ్లూ ఉన్నారు. తిరుమల కల్యాణకట్టలో అంత జుట్టు పోగవుతోంది కదా అన్నది వాళ్ల ఆలోచన. అక్కడ పోగయ్యేది కత్తి కోసిన వెంట్రుక, దానికి కుదురు ఉండదు. అది విగ్గులకు పనికొస్తుంది, నాటడానికి కాదు. కుదురుతో సహా మరొకరి నుంచి తెచ్చినా, కిడ్నీ మార్పిడిలో లాగా ఒంటి రక్షణ వ్యవస్థ దాన్ని పరాయిదిగా గుర్తుపట్టి తిప్పికొడుతుంది. అలా తిప్పికొట్టకుండా ఆపే మందులను జుట్టు కోసం జీవితాంతం మింగించే డాక్టరు ఉండడు.

ఇక నుదుటి గీత. పేషెంటుకూ డాక్టరుకూ ఎక్కువ వాదన జరిగేది దీని దగ్గరే. "ఇంకొంచెం కిందికి దింపండి, కాలేజీ రోజుల్లో ఇక్కడి దాకా ఉండేది" అంటారు. పెద్దవాళ్ల హెయిర్‌లైన్ కనుబొమల మధ్య నుంచి సుమారు ఏడెనిమిది సెంటీమీటర్ల ఎత్తున మొదలవుతుంది, కణతల దగ్గర లోపలికి వంపు తిరుగుతుంది. ఆ వంపు పూడ్చేసి, గీత కిందికి దించితే ముప్పై ఏళ్ల వయసులో ముచ్చటగా ఉంటుంది. యాభై ఏళ్లకు ముఖం మీద అతికించినట్టుంటుంది. ఒక సెంటీమీటరు కిందికి దించితే ఆ మేరకు నింపడానికి కొన్ని వందల గ్రాఫ్టులు ఖర్చవుతాయి, అవి మాడుకు అందాల్సినవి. దించిన గీతను మళ్లీ పైకి పంపడం చాలా కష్టం. కావాలంటే రెండోసారి దించుకోవచ్చు. కాబట్టి మొదటిసారి కాస్త పైనే ఉండనివ్వడం తెలివైన పని.

ఎవరి చేతికి తల అప్పగిస్తున్నాం?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది శిక్షణ కిందికి రాదని అందులో స్పష్టంగా చెప్పింది. ప్లాస్టిక్ సర్జరీ గానీ, తగిన శస్త్రచికిత్స శిక్షణతో చర్మవైద్యం గానీ చదివినవాళ్లు చేయాల్సిన పని ఇది. 2016లో చెన్నైలో హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్న ఒక వైద్య విద్యార్థి ప్రాణం పోయింది. ఇది చిన్న ఆపరేషనే, చాలామందికి ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోతుంది. కానీ గంటల తరబడి సాగుతుంది, పదేపదే మత్తు మందు ఇస్తారు. ఆ మత్తుకు వాడే లిగ్నోకెయిన్ మోతాదు ఒంటి బరువును బట్టి ఇంతకు మించకూడదన్న హద్దు ఉంది. ఆ హద్దు దాటితే మెదడుకు, గుండెకు ప్రమాదం. అప్పుడు పక్కన ఉండాల్సింది బ్యూటీ పార్లర్ సిబ్బంది కాదు. ఆక్సిజన్, అత్యవసర మందులు, వాటిని వాడటం తెలిసిన డాక్టరు ఉండాలి.

కుదుళ్లను వేరుచేయడం, లెక్కపెట్టడం, నాటడం వంటి పనుల్లో శిక్షణ పొందిన టెక్నీషియన్లు సాయం చేయడం మామూలే. డిజైన్, మత్తు, గాట్లు పెట్టడం ఎవరు చేస్తారు, ఆ రోజు డాక్టరు ఎంతసేపు గదిలో ఉంటారు, ఒకే సమయంలో ఎంతమందికి చేస్తారు అని మొహమాటం లేకుండా అడగండి. సెలవుల్లో ఇక్కడికి వచ్చే అమెరికా తెలుగువాళ్లకూ, ప్యాకేజీలు చూసి ఇస్తాంబుల్ వెళ్లేవాళ్లకూ ఇంకో ప్రశ్న ఉంటుంది. తిరిగి వెళ్లాక ఇన్ఫెక్షన్ వస్తే చూసేదెవరు? దానికి జవాబు దొరికాకే టికెట్ కొనుక్కోవాలి.

డబ్బు మాట క్లుప్తంగా చెప్పుకుందాం. ఇది సౌందర్య చికిత్స కాబట్టి మామూలు ఆరోగ్య బీమా వర్తించదు. వైద్యసేవలకు ఉన్న జీఎస్టీ మినహాయింపు కూడా హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కు లేదు. ప్రమాదంలోనో కాలిన గాయాల వల్లో పోయిన జుట్టుకు చేసేది వేరే లెక్క. చెప్పిన ధరలో పన్ను కలిసిందో లేదో అడగండి.

ముందు వారం

రక్తం, షుగర్, రక్తం గడ్డకట్టే సమయం, హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు, అవసరమైతే ఈసీజీ చేస్తారు. షుగర్, బీపీ ఉన్నవాళ్లు చేయించుకోకూడదా అంటే, అదుపులో ఉంటే చేయించుకోవచ్చు. ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే తప్పకుండా చెప్పాలి. గుండెకు స్టెంటు వేసిన మనిషి జుట్టు కోసం ఆ మాత్రను సొంతంగా ఆపడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. దాన్ని ఆపాలో వద్దో తేల్చాల్సింది గుండె డాక్టరు. సిగరెట్ మానాలి. పొగ తాగితే చర్మంలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, కొత్తగా నాటిన కుదురుకు ఆహారం అందేది ఆ రక్తం నుంచే.

ఆపరేషన్ రోజు

ఉదయం తలస్నానం చేసి, టిఫిన్ తిని, ముందు గుండీలున్న చొక్కా వేసుకుని రమ్మంటారు. సాయంత్రం తల మీదుగా టీషర్టు లాగలేరు కదా. ముందుగా అన్ని వైపుల నుంచి ఫొటోలు తీస్తారు. తర్వాత స్కెచ్ పెన్నుతో గీత గీసి అద్దం ఇస్తారు. ఇష్టం లేకపోతే చెప్పడానికి ఇదే ఆఖరి అవకాశం.

"నొప్పి ఉంటుందా?" ఉంటుంది, మొదటి పది పదిహేను నిమిషాలు. వెనక భాగంలో, తర్వాత నుదుటి మీద మత్తు ఇంజెక్షన్లు ఇచ్చేటప్పుడు సూది మంట తెలుస్తుంది. దాని తర్వాత తాకిడి తెలుస్తుంది గానీ నొప్పి తెలియదు. మనిషి మెలకువగానే ఉంటాడు. చాలామంది పాటలు వింటారు, కొందరు బోర్లా పడుకునే నిద్రపోతారు.

తీసే పద్ధతులు రెండు. ఎఫ్‌యూటీలో వెనక నుంచి సుమారు ఒక సెంటీమీటరు వెడల్పున చర్మం పట్టీ కోసి, కుట్లు వేసి, ఆ పట్టీని సూక్ష్మదర్శిని కింద గ్రాఫ్టులుగా విడదీస్తారు. ఒక గీత మచ్చ మిగులుతుంది, పైన జుట్టుంటే కనపడదు. ఎఫ్‌యూఈలో 0.8 నుంచి 1 మిల్లీమీటరు వ్యాసమున్న గొట్టపు సూదితో ఒక్కో గుంపు చుట్టూ గాటు పెట్టి, పట్టకారుతో పైకి లాగుతారు. వెనక చుక్కల్లాంటి మచ్చలు పడతాయి. మచ్చే పడదని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా జరిగేది ఎఫ్‌యూఈయే. కొత్తగా డీహెచ్‌ఐ పేరు ఎక్కువ వినిపిస్తోంది. అందులోనూ తీసేది ఎఫ్‌యూఈలో లాగే. నాటేటప్పుడు గ్రాఫ్టును పెన్నులాంటి పరికరంలో ఎక్కించి, గాటు పెట్టడం, నాటడం ఒకే పోటులో చేస్తారు. ఫలితాన్ని తేల్చేది పద్ధతి పేరు కంటే పనిచేసే చేయి. గాటు వంకరైతే కుదురు అడుగు తెగిపోతుంది. అలా తెగినవి ఎన్నో ఆ రోజే లెక్క చెప్పే టీమ్‌ను నమ్మొచ్చు.

తీసినవాటిని చల్లటి సెలైన్‌లో ఉంచి, ఒంటి వెంట్రుకవి, రెండువి, మూడువి అని వేరుచేసి లెక్కపెడతారు. ఒంటి వెంట్రుకవి నుదుటి అంచు మొదటి వరసలకు, మూడువి వెనకాలకు. అంచున మూడు వెంట్రుకల గుంపు నాటితే బొమ్మ జుట్టులా కనిపిస్తుంది. 1970లలో, 80లలో పెద్ద పెద్ద గుంపులు నాటిన తలలు చూసే చాలామందికి ఈ ఆపరేషన్ అంటే అపనమ్మకం ఏర్పడింది. గ్రాఫ్టు ఒంటి బయట ఉన్న ప్రతి గంటా బతికే అవకాశం కొంత తగ్గుతుంది, తడి ఆరిపోతే అసలే బతకదు. ఒకే రోజులో పెద్ద పెద్ద సంఖ్యలు చెప్పేవాళ్లను ఇందుకే అనుమానించాలి. సాధారణంగా 2,000 నుంచి 3,000 దాకా ఒక రోజు పని.

మధ్యాహ్నం భోజనం పెడతారు. తర్వాత నుదుటి మీద గాట్లు. నిజమైన కళ ఇక్కడే ఉంది. జుట్టు తల మీద నిటారుగా నిలబడదు. ముందు భాగంలో ముందుకు వాలి ఉంటుంది, కణతల దగ్గర దాదాపు చర్మానికి ఆనుకుని కిందికి వాలుతుంది. గాటు ఏ కోణంలో ఉంటే వెంట్రుక జీవితాంతం ఆ కోణంలోనే పెరుగుతుంది. గీతను స్కేలు పెట్టి గీసినట్టు కాకుండా, అక్కడక్కడా హెచ్చుతగ్గులతో పెడతారు. ఆ గాట్లలో ఒక్కో గ్రాఫ్టునూ వేరు నలగకుండా అమరుస్తారు. ఆరు నుంచి ఎనిమిది గంటలకు పని ముగుస్తుంది. వెనక కట్టు కట్టి, ముందు ఖాళీగా వదిలేసి ఇంటికి పంపిస్తారు. బండి మీరు నడపకూడదు.

మొదటి పది రోజులు

రాత్రి తల ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. నాటిన చోట దిండు రాసుకోకూడదు. చెప్పినన్ని సార్లు సెలైన్ స్ప్రే కొట్టుకోవాలి. ఎక్కడైనా రక్తం చెమర్చితే శుభ్రమైన గాజుగుడ్డతో రుద్దకుండా కాసేపు అదిమి పట్టాలి. మూడో రోజుకో నాలుగో రోజుకో నుదురు ఉబ్బి, వాపు కళ్ల మీదకు దిగుతుంది. అద్దంలో చూసుకుని హడలిపోతారు గానీ, అది లోపలికి ఎక్కించిన ద్రవం కిందికి జారడమే, రెండు మూడు రోజుల్లో తీస్తుంది. మూడో రోజు నుంచి డాక్టరు చూపించినట్టు మగ్గుతో మెల్లగా నీళ్లు పోసి, షాంపూ నురగ అద్ది కడగాలి. షవర్ ధారగా పడకూడదు. పెచ్చులు కడతాయి, వాటిని గిల్లకూడదు. కడుగుతుంటే ఏడు నుంచి పది రోజుల్లో అవే రాలతాయి. తొమ్మిది, పది రోజులు గడిస్తే కుదురు నిలదొక్కుకున్నట్టే, ఆ తర్వాత మామూలుగా తాకితే ఊడిరాదు.

హెల్మెట్ రెండు వారాల దాకా వద్దు, అందుకని ఆ రెండు వారాలు బండే తీయకండి. జిమ్, ఈత, ఎండలో తిరగడం నెల దాకా ఆపాలి. తలకు నూనె పెట్టకపోతే తల వేడెక్కుతుందని ఇంట్లో అమ్మమ్మలు ఒత్తిడి చేస్తారు, ఒక నెల ఆగమనండి. అయ్యప్ప దీక్షలో రోజూ తెల్లవారుజామున తలస్నానం చేయాలి, ఎండలో తిరగాలి, అందుకని మాల వేసే నెలలకు ఆపరేషన్ దూరంగా పెట్టుకోవడం మంచిది. వెనక తిమ్మిరి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది. జ్వరం, చీము, పెరుగుతున్న నొప్పి, నాటిన చోట చర్మం నల్లబడటం కనిపిస్తే వాట్సాప్‌లో ఫొటో పెట్టి కూర్చోకండి, అదే రోజు వెళ్లి చూపించుకోండి.

రాలిపోయే నెల

రెండో వారం నుంచి ఆరో వారం లోపు నాటిన వెంట్రుకలు చాలావరకు రాలిపోతాయి. ఎంత చెప్పి పంపినా అందరూ బెంబేలెత్తి ఫోన్ చేసేది ఈ రోజుల్లోనే. "పెట్టిన డబ్బంతా పోయింది" అంటారు. పోయింది వెంట్రుకే, కుదురు లోపలే ఉంది. చోటు మారిన దెబ్బకు అది విశ్రాంతి దశలోకి వెళ్తుంది, ఆ దశ సుమారు మూడు నెలలు. చుట్టూ ముందు నుంచీ ఉన్న జుట్టు కూడా ఆ దెబ్బకు కొంత రాలొచ్చు. బలమైనది తిరిగి వస్తుంది, అప్పటికే చిక్కిపోయింది రాకపోవచ్చు. రెండు మూడు నెలలు ఆపరేషన్‌కు ముందు కంటే తల ఖాళీగా కనిపించే అవకాశం ఉంది. భార్యకో తల్లికో ఈ సంగతి ముందే తెలిస్తే ఇంట్లో దెప్పులు తప్పుతాయి.

మూడు, నాలుగు నెలలకు సన్నగా, పలచగా, కొన్నిసార్లు వంకరగా మొలకలొస్తాయి. అప్పుడు చిన్న కురుపులు లేస్తాయి, ఎక్కువైతే చూపించుకోవాలి. ఆరో నెలకు సగానికి పైగా తెలుస్తుంది. అందరి ముందూ టోపీ తీసేసే నెల ఇది. ఏడాదికి వెంట్రుక లావెక్కి, నునుపుదేలి అసలు రూపం వస్తుంది. మాడుకు ఏడాదిన్నర దాకా పట్టవచ్చు. ఆరో నెలలో కూర్చుని ఫలితం బాగాలేదని తీర్పు చెప్పకండి. రెండోసారి నాటించుకోవాలన్నా ఏడాది చూశాకే.

"పెళ్లికి ఎన్నాళ్ల ముందు చేయించుకోవాలి?" పది, పన్నెండు నెలల ముందు. ముహూర్తానికి రెండు నెలల ముందు చేయించుకుంటే జీలకర్ర బెల్లం పెట్టే వేళకు సరిగ్గా రాలిపోయిన దశలో ఉంటారు. అంత వ్యవధి లేకపోతే పెళ్లయ్యాకే చేయించుకోండి, ఈ సంగతి అమ్మాయికి ముందే చెప్పి మరీ.

"తిరుపతి మొక్కుంది, గుండు చేయించుకోవచ్చా?" ఏడాది దాటి ఫలితం వచ్చాక నిరభ్యంతరంగా చేయించుకోవచ్చు. కత్తి చర్మం పైన ఉన్నదాన్నే తీస్తుంది, కుదురు నాలుగైదు మిల్లీమీటర్ల లోతున భద్రంగా ఉంటుంది. మళ్లీ పెరుగుతుంది. అయితే గుండులో వెనక మచ్చలు కనపడతాయి. ఎఫ్‌యూటీ అయితే గీత, ఎఫ్‌యూఈ అయితే చుక్కలు. ఏటా గుండు చేయించుకునే అలవాటు ఉన్నవాళ్లు పద్ధతి ఎంచుకునే రోజే ఈ మాట డాక్టరుకు చెప్పాలి. మొక్కు ముందే తీర్చుకునే వీలుంటే, తీర్చుకుని వచ్చాకే ఆపరేషన్ పెట్టుకోవడం ఇంకా సులువు.

మందులు ఎందుకు ఆపకూడదు

నాటింది నిలుస్తుంది. నాటని పాత జుట్టు మాత్రం బట్టతల దారిలోనే పోతుంటుంది, ఆపరేషన్ దాన్ని ఆపదు. ఈ ముక్క సరిగా చెప్పకపోవడం వల్లే, నాలుగైదేళ్లకు "ట్రాన్స్‌ప్లాంట్ ఫెయిలైంది" అంటూ వచ్చేవాళ్లున్నారు. ఫెయిలైంది అది కాదు, దాని చుట్టూ ఉన్నది రాలిపోయింది. పాత జుట్టును నిలపడానికి తలకు రాసే మినాక్సిడిల్‌కు అమెరికా ఎఫ్‌డీఏ 1988లో, రోజూ మింగే ఒక మిల్లీగ్రాము ఫినాస్టెరైడ్‌కు 1997లో అనుమతి ఇచ్చింది. రెండూ వాడినంతకాలమే పనిచేస్తాయి.

ఫినాస్టెరైడ్ గురించి అడగడానికి మగవాళ్లు సిగ్గుపడతారు. కొద్దిమందిలో కోరిక తగ్గడం, అంగస్తంభన లోపం కనిపిస్తాయి. దిగులు కూడా రావచ్చు. చాలామందికి మందు ఆపితే తగ్గుతాయి, కొద్దిమంది ఆ తర్వాతా ఇబ్బంది ఉందంటారు. ఇది ముందే తెలుసుకుని నిర్ణయించుకునే హక్కు పేషెంటుది. ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్ఏ పరీక్ష విలువను ఈ మందు సుమారు సగానికి తగ్గిస్తుంది కాబట్టి, వయసు పైబడ్డవాళ్లు ఆ పరీక్షకు వెళ్లినప్పుడు ఈ మాత్ర సంగతి చెప్పాలి. మందు వాడుతున్నంతకాలం, ఆపాక ఒక నెల దాకా రక్తదానం చేయకూడదు, ఆ రక్తం గర్భిణికి ఎక్కితే కడుపులోని మగశిశువుకు హాని. ఇంట్లో గర్భిణులు చిట్లిన మాత్రలను తాకకూడదు.

డిశ్చార్జి రోజున బిల్లుతో పాటు ఇంకో కాగితం అడిగి తీసుకోండి. అందులో ఎన్ని గ్రాఫ్టులు తీశారు, వాటిలో ఒంటివి, రెండువి, మూడువి ఎన్ని, తెగిపోయినవి ఎన్ని, వెనక ఏ భాగం నుంచి తీశారు, ఏ సైజు సూది వాడారు, ఎంత మత్తు మందు ఇచ్చారు, ఆపరేషన్ చేసిన డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ముందు తీసిన ఫొటోలు కూడా ఫోన్‌లోనే వదిలేయకుండా ఈమెయిల్‌కు పంపించుకోండి. పదేళ్ల తర్వాత మాడు కోసం ఇంకో డాక్టరు దగ్గరకు వెళ్తే, వెనక ఇంకా ఎంత మిగిలిందో ఆయన లెక్క మొదలుపెట్టేది ఆ కాగితం నుంచే.